కోడ్ చూసి మాడ్యూల్ మార్చకు నాయనా

నాయనా, స్కానర్ పెట్టగానే కోడ్లు వరసకట్టాయని కంగారుపడకు. మీటర్ బోర్డులో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగితే అన్నీ చెడిపోయినట్టు కాదు. చాలాసార్లు ఆ మాడ్యూళ్ళ మధ్య మాట తెగిపోయి ఉంటుంది, అంతే.

ఏ కోడ్‌ను ఎవరు ఇచ్చారో, ఎవరి మీద ఇచ్చారో కాగితం మీద రాసుకో. ఇంజిన్ ఈసీఎమ్‌లోనూ మీటర్‌లోనూ స్టీరింగ్‌లోనూ యూ0121 కనిపిస్తోందంటే, ఏబీఎస్ మాట వినపడటం లేదని ఆ మూడూ చెబుతున్నాయి. ఫిర్యాదు చేసినవాటిని విప్పి లాభం లేదు, నోరు మెదపనిదాని దగ్గరికి వెళ్ళు. వెళ్ళగానే దాన్ని పారేయనూ వద్దు. దానికి కరెంటు వస్తోందా, ఫ్యూజ్ బాగుందా, ఎర్త్ గట్టిగా ఉందా చూడు. ఎర్త్ బోల్టు కింద తుప్పు పడితే మంచి మాడ్యూల్ కూడా మూగబోతుంది. బ్యాటరీ డీలాపడినా ఇవే కోడ్లు.

స్కానర్ ఏ మాడ్యూల్‌తోనూ మాట్లాడకపోతే అసలు పని అక్కడ. బ్యాటరీ కేబుల్ విప్పి, కాసేపు ఆగి, స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు చూడు. మాడ్యూళ్ళు మాట్లాడుకునే రెండు వైర్ల క్యాన్ లైనుకు రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక కొస అందటం లేదు. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఎక్కడో షార్ట్. కొన్ని బండ్లలో ఆ పిన్నులు గేట్‌వే మాడ్యూల్ దాకానే వెళతాయి, దాని వెనకున్నది నీకు కనపడదు. అందుకే ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ ముందు పెట్టుకుని కూర్చో.

60 వచ్చినా లైను బాగున్నట్టు కాదు. కేబుల్ తగిలించి, ఇగ్నిషన్ వేసి, ఒక్కో వైరులో ఎర్త్‌కు ఎన్ని వోల్టులున్నాయో చూడు. హై వైరు 2.5కి కాస్త పైన, లో వైరు కాస్త కింద ఉండాలి. రెండూ సున్నాకు పడిపోయినా, బ్యాటరీ వోల్టేజీ వైపు ఎగబాకినా ఏదో లైనును లాగుతోంది. లైనులోకి మాట పంపే లోపలి ట్రాన్సీవర్ పోయిన ఒక్క మాడ్యూల్ చాలు. భజనలో ఒకడు ఆపకుండా శంఖం ఊదితే ఎవరి పాటా వినపడనట్టే.

ఇక విడదీయడం. బయట బిగించిన ట్రాకర్, రిమోట్ లాక్ లాంటివి ముందు తీసెయ్. తర్వాత ఇగ్నిషన్ ఆపి ఒక్క మాడ్యూల్ కప్లర్ విప్పు, మళ్ళీ ఇగ్నిషన్ వేసి వోల్టులు చూడు. అలా ఒక్కొక్కటీ. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను మాత్రం కంపెనీ మాన్యువల్ చెప్పిన పద్ధతిలో తప్ప ముట్టుకోకు. రెసిస్టర్ లోపలే ఉన్న మాడ్యూల్ విప్పితే ఓమ్‌లు 120 అవుతాయి, అది కొత్త జబ్బు కాదు.

ఏది విప్పగానే మిగతావన్నీ మాట్లాడాయో, దాని కప్లర్‌లోకి టార్చి వేసి చూడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశావుగా. అలా నీళ్ళు తాగిన బండ్లలో పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉంటుంది. శుభ్రం చేసి మళ్ళీ పెట్టు. మళ్ళీ లైను పడిపోతేనే మాడ్యూల్ పోయిందని చెప్పు. టాక్సీ నడుపుకునేవాడికి కొత్త మాడ్యూల్ అంటే ఇంటి ఖర్చులోంచి తీసిన డబ్బు. పైగా మార్చాక కోడింగ్ కూడా చేయాలి. పాతది బాగానే ఉందని తర్వాత తేలితే ఆ మనిషికి నువ్వేం చెబుతావు?

క్యాన్ వైర్లకు టెస్ట్ బల్బు ఎప్పుడూ తగిలించకు. తెగినచోట అతికితే ఆ రెండు వైర్ల మెలిక విప్పి వదిలేయకు. మాడ్యూళ్ళు చూసేది రెండు వైర్ల మధ్య తేడానే. మెలిక ఉంటే బయటి నాయిస్ రెండింటి మీదా ఒకేలా పడి ఆ తేడా చెడదు.

ఆసిలోస్కోప్ కొనాలా అని అడిగావు. కొను. మల్టీమీటర్ సగటే చూపిస్తుంది, వచ్చిపోయే జబ్బు అందులో దొరకదు. కొన్నాక ముందు బాగున్న బండ్ల మీద పెట్టి, గీతలు ఎలా ఉన్నాయో మోడల్ వారీగా ఫొటోలు తీసి దాచుకో.