గుహలో వెలిసిన శివయ్యకీ ఏకాంతం కావాలి

బొర్రా గుహల వీడియో వచ్చాక మీలో చాలామంది అడిగింది ఒకటే. "లోపల ఉన్న శివలింగాన్ని ముట్టుకోనిస్తారా? మన చేత్తో కాసిని నీళ్లు పోయొచ్చా?" వీడియోలో దీనికి జవాబు చెప్పేంత టైమ్ లేదు. పైగా ఒక్క ముక్కలో "వద్దు" అనేస్తే సరిపోదు. ఆ "వద్దు" వెనక ఇంకో ప్రశ్న ఉంది. మనం ప్రేమించే చోటికి మన రాకే హాని చేస్తుంటే, భక్తి ఉన్నవాళ్లు ఏం చేయాలి?

ముందు ఆ లింగం ఎలా వచ్చిందో చూద్దాం. అనంతగిరి కొండల మీద పడిన వాన మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగిస్తూ పగుళ్లలోంచి కిందికి వస్తుంది. గుహ పైకప్పు నుంచి చుక్కగా జారినప్పుడు ఆ వాయువు గాల్లో కలిసిపోయి, కరిగిన సున్నం పలచటి పొరగా మిగులుతుంది. పైనుంచి వేలాడుతూ పెరిగేది స్టాలక్టైట్, కింద నేల మీంచి పైకి లేచేది స్టాలగ్మైట్. బొర్రాలో మనం దణ్ణం పెట్టుకునే లింగం ఇలా పైకి లేచిన స్టాలగ్మైటే.

ఈ పెరుగుదల చోటును బట్టి మారుతుంది కానీ, చాలా గుహల్లో ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉంటుంది. అంటే ఒక సెంటీమీటరుకి దాదాపు 100 ఏళ్లు. సెల్ఫీ తీసుకుంటూ ఎవరైనా జానెడు ముక్క విరగ్గొడితే, పోయింది సుమారు 2,000 ఏళ్ల పని. నేను రోజూ కోడ్ రాస్తాను. ఎంత పెద్ద తప్పు చేసినా పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లొచ్చు. గుహకి ఆ సదుపాయం లేదు.

సైన్స్ తెలిశాక భక్తి తగ్గుతుందేమో అని కొందరి భయం. నాకు మాత్రం పెరిగింది. మనం "స్వయంభువు" అంటాం, "వెలిసిన దేవుడు" అంటాం, పని అయిపోయినట్టు. నీటి చుక్క పడుతున్నంత కాలం ఇలాంటి లింగం ఇంకా వెలుస్తూనే ఉంటుంది. పైనుంచి ఒక్కో చుక్కా పడటం నాకు అభిషేకంలాగే కనిపిస్తుంది. మనం పుట్టకముందే మొదలైంది, మన తర్వాతా సాగాలి.

ఆ అభిషేకానికి అడ్డం పడేది మనమే. చేతి చెమట, జిడ్డు అంటుకున్న చోట సున్నం పొర సరిగా పట్టదు, పైగా మట్టి పేరుకుని నల్లబడుతుంది. కర్పూరం, అగరొత్తుల పొగ మసిగా అతుక్కుంటుంది. పాలు, కొబ్బరినీళ్లు పోస్తే సూక్ష్మజీవులకు తిండి దొరుకుతుంది. అందంగా ఉంటాయని పెట్టే లైట్ల వెలుగుకి, చీకట్లో ఉండాల్సిన రాయి మీద పచ్చటి నాచు పడుతుంది. గాలి సరిగా ఆడని గుహలోకి ఒకేసారి వందలమంది దూరితే మన ఊపిరే అక్కడి గాలిని మార్చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే రాయి పెరగడం ఆగుతుంది, ఒక్కోసారి తిరిగి కరగడం కూడా మొదలవుతుంది. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అందుకే ఇది చెప్పడం కష్టం.

ఈ చిక్కు మన ఒక్కళ్లకే రాలేదు. ఫ్రాన్స్‌లో లాస్కో అనే గుహ ఉంది. వేల ఏళ్ల కిందటి మనుషులు గోడల మీద వేసిన ఎద్దులు, గుర్రాల బొమ్మలకి ప్రసిద్ధి. 1940లో బయటపడింది, 1948లో జనానికి తెరిచారు. రోజుకి వెయ్యిమందికి పైగా వచ్చేవాళ్లు. వాళ్ల ఊపిరికీ, లైట్లకీ గోడలు పాడవడం మొదలైంది. 1963లో మూసేశారు. ఆ తర్వాత దగ్గర్లోనే అచ్చం అలాంటి గుహ ఒకటి కట్టి 1983లో తెరిచారు. ఇప్పుడు జనం చూసేది నకలునే.

"నకలు చూస్తే ఏం పుణ్యం?" అని నవ్వకండి. మన గుళ్లలో ఈ ఏర్పాటు ఎప్పట్నుంచో ఉంది. తిరుమలలో మూలవిరాట్టుకి అభిషేకం వారానికి ఒకసారి, శుక్రవారం. రోజూ అభిషేకం అందుకునేది భోగ శ్రీనివాసమూర్తి. మాడవీధుల్లోకి ఊరేగింపుగా మన దగ్గరికి వచ్చేది ఉత్సవమూర్తి మలయప్పస్వామి. రాత్రి ఏకాంత సేవ అయ్యాక తలుపులు మూస్తారు. దీని వెనక ఉన్న ఆగమశాస్త్రం పండితులు చెప్పాలి. నాకు అర్థమైంది ఇంతే: దేవుడు అందరివాడే అయినా, మనకి ఇష్టమైనప్పుడల్లా, ఇష్టమైనట్టల్లా అందాల్సిన పనిలేదు. దర్శనానికి ఒక వేళ ఉంది, ఒక హద్దు ఉంది. స్వామికి ఏకాంతం ఉంది. గుళ్లో ఇది ఒప్పుకునే మనం గుహలో ఎందుకు ఒప్పుకోలేకపోతున్నాం?

ఇదంతా అమ్మకి చెప్తే ఆవిడ ఊరికే తల ఊపలేదు. "గుళ్లో అంటే సరే నాన్నా, అక్కడ పూజారి ఉంటాడు, పద్ధతి ఉంటుంది. కొండలో వెలిసినవాడు ఎవరూ ఆపకుండా అందరికీ దొరికే దేవుడు కదా. అక్కడా ముట్టుకోవద్దని గీత గీస్తే ఎలా?" అంది. గట్టి ప్రశ్నే. "ముట్టుకోకూడదు" అనే మాటకి మన దేశంలో మంచి చరిత్ర లేదు. ఆ మాటతోనే తోటి మనుషుల్ని తరాలపాటు గుడి బయట నిలబెట్టారు.

కాబట్టి తేడా స్పష్టంగా ఉండాలి. కొందర్ని ఆపే గీత వేరు, అందర్నీ ఆపే గీత వేరు. గుహలో రోజుకి ఇంతమందే అని పెడితే అది మంత్రిగారికీ, వ్లాగర్‌కీ, నాకూ ఒకేలా ఉండాలి. వీఐపీ వస్తే లింగం దగ్గరికి తీసుకెళ్లి, మిగతావాళ్లని కంచె అవతల నిలబెడితే ఆ రూలుకి ధర్మబలం లేదు. అది మళ్లీ పాత అన్యాయమే.

అలాగని పూర్తిగా మూసేయడమే మందు అని కూడా నేను అనను. నంద్యాల జిల్లా బెలూం గుహల్నే తీసుకోండి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982-83లో జర్మన్ గుహ పరిశోధకులు వచ్చి లోపలంతా కొలిచారు. అయినా 1980ల చివరిదాకా చుట్టుపక్కల చెత్త అక్కడే పడేసేవాళ్లు. స్థానికులు పట్టుబట్టి శుభ్రం చేయించారు. తర్వాత పర్యాటక సంస్థ దారులు, లైట్లు, గాలి వచ్చే ఏర్పాట్లు చేసి 2002లో తెరిచింది. అంటే బెలూంని కాపాడిన వాటిలో పర్యాటకమూ ఒకటి. ఎవరూ చూడని చోటు గురించి ఎవరూ అడగరు కూడా. ఇంకో సంగతి, 3,229 మీటర్ల గుహలో జనం తిరిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరే. మిగతాది చీకట్లోనే ఉంది. ఈ పద్ధతి నాకు నచ్చింది. కొంత మనకి, కొంత గుహకి.

బొర్రాలో ఇంకో ఇద్దరి మాట కూడా వినాలి. ఒకటి నీరు. ఆ గుహతో ముడిపడిన గోస్తనీ నది కిందికి వెళ్లి తాటిపూడి జలాశయం చేరుతుంది. విశాఖ తాగే నీళ్లలో అదీ ఉంది. సున్నపురాయి నేలలో పగుళ్లే కాలువలు. కొండ మీద మనం పడేసిన చెత్త, హోటల్ మురుగు పెద్దగా వడకట్టుకోకుండానే లోపలికి దిగిపోతాయి. గుహని కాపాడటం అంటే గేటు లోపల ఊడవడం ఒక్కటే అయితే చాలదు, పైనున్న కొండని కూడా చూసుకోవాలి.

రెండోది అక్కడి గిరిజనులు. శివరాత్రికి ఆ గుహలో పూజలు చేసేది వాళ్లే. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. ఇవాళ అక్కడ గైడ్‌గా, బొంగు చికెన్ బండి మీద బతికేవాళ్లకి జనం తగ్గితే పూట గడవదు. మనం నగరంలో కూర్చుని "లిమిట్ పెట్టండి" అంటే ఆ ఖర్చు వాళ్ల నెత్తిన పడకూడదు. టికెట్ ధర కాస్త పెరిగినా ఫర్వాలేదు, ఆ డబ్బు ముందు ఆ ఊళ్లకి చేరాలి. త్యాగం అంటూ ఉంటే అది చూడటానికి వెళ్లే మనది కావాలి.

అందుకే నా జవాబు ఇది. వెళ్లండి, కానీ లాంగ్ వీకెండ్ రద్దీలో కాకుండా మామూలు రోజున వెళ్లండి. ఆ ఊరి గైడ్‌నే పెట్టుకోండి. కర్పూరం, పాల ప్యాకెట్ ఇంట్లో పూజకి ఉంచండి. "ఈరోజుకి టికెట్లు అయిపోయాయి" అంటే గొడవ పెట్టకండి, కిటికీ అవతల ఉన్నాయన మీ దేవుడి ఏకాంతానికి కాపలా కాస్తున్నాడు అనుకోండి. లోపల లింగం ముందు చేతులు జోడించి ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడండి. పైనుంచి చుక్క పడే చప్పుడు వినిపిస్తే, అభిషేకం జరుగుతున్నట్టే.

హర హర మహాదేవ.