పోటు నీటికి చోటు ఎక్కడ?



మీలో సముద్రతీర విచారణలకు చెందినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. పోటు ఎప్పుడు వస్తుందో, పాటు ఎప్పుడు తీస్తుందో వేటకు వెళ్ళే ఇంటిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమావాస్యకు, పౌర్ణమికి నీరు ఎక్కువ లేస్తుంది. అష్టమి నాటికి తగ్గుతుంది. గాలి చెప్పి రాదు, మబ్బు పడితే ఎండ పోతుంది. కాని పోటు మాత్రం పదేళ్ళ తరువాత ఏ రోజున, ఏ వేళకు వస్తుందో ఈనాడే లెక్కకట్టి చెప్పవచ్చు. అందుకే ఆ నీటి పరుగుతో టర్బైను తిప్పి కరెంటు తీయాలని ఎందరో దేశదేశాలలో ప్రయత్నిస్తున్నారు. బొగ్గు కాల్చే పని లేదు, పొగ లేదు, బూడిద లేదు. ఇంత మంచి పనిలో తప్పుపట్టడానికి ఏముంటుంది? నాకూ చాలాకాలం అలాగే అనిపించింది.

అయితే ఒక్క ప్రశ్న మిమ్మల్ని అడుగుతాను. పని మంచిదైతే చాలునా? దానిని ఏ చోట చేస్తున్నామన్నది కూడా ఆ మంచిలో భాగం కాదా?

ఫ్రాన్సు దేశంలో బ్రిటనీ తీరాన రాన్స్ అనే నది సముద్రంలో కలుస్తుంది. అక్కడ పెద్ద పోటుకు నీరు 13 మీటర్ల వరకు లేస్తుంది. ఆ నది మొగకు అడ్డంగా ఆనకట్ట కట్టి, 24 టర్బైన్లు బిగించి, 1966లో 240 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించారు. అది ఈనాటికీ కరెంటు ఇస్తూనే ఉంది. ఇంజనీర్లు గర్వపడదగిన పనే. కాని కట్టేటప్పుడు పని సులువుగా సాగడం కోసం తాత్కాలిక కట్టలు వేసి, దాదాపు మూడేళ్ళు ఆ మొగను సముద్రం నుండి వేరుచేశారు. ఉప్పునీరు లోపలికి రాలేదు, ఒండ్రు మేట వేసింది, లోపల ఉన్న సముద్రజీవులు చాలావరకు నశించాయి. గేట్లు తెరిచాక ఆ నీటిలో జీవం మళ్ళీ కుదురుకోవడానికి సుమారు పదేళ్ళు పట్టింది. అప్పుడైనా మునుపటిలా కాదు. కొన్ని జాతులు తిరిగి వచ్చాయి, కొన్ని రాలేదు. ఎవరూ చెడు తలపెట్టలేదు. మూడేళ్ళ సౌకర్యం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఎవరూ అడగలేదు, అంతే.

కెనడాలో ఫండీ అఖాతం పక్కన అన్నాపోలిస్ అనే చోట 1984లో 20 మెగావాట్ల కేంద్రం పెట్టారు. అక్కడ షాడ్ అనే చేప సముద్రం నుండి నదిలోకి ఎదురీది వెళ్ళి గుడ్లు పెడుతుంది. అది మన పులసకు దూరపు చుట్టమే. గోదావరి తీరం వారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పులస ధవళేశ్వరం దాటి పైకి పోలేదని మీకు తెలుసు. ఆ ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది కనుక నేను దానిని నిందించను, ఆ అన్నం తిన్నవారిలో నేనూ ఒకడిని. కాని ఆ అన్నానికి చేప కూడా వెల చెల్లించిందన్న మాట మనం ఎన్నిసార్లు తలచుకున్నాం? అన్నాపోలిస్‌లో చేపలు టర్బైనులో పడి చనిపోతున్నాయని ఏళ్ళ తరబడి వాదన నడిచింది. 2004లో ఒక తిమింగలం గేట్ల గుండా లోపలికి వచ్చి కొన్నాళ్ళు చిక్కుకుపోయింది. చివరకు 2019లో యంత్రభాగం చెడిపోయి, చేపలకు జరుగుతున్న హానిపై ప్రభుత్వశాఖ అభ్యంతరం కూడా తోడై, ఆ కేంద్రం మూతపడింది.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. ఆనకట్ట లేకుండా, గాలిమరలాంటి టర్బైనును నీటి అడుగున నిలబెట్టే పద్ధతి వచ్చింది. దానికి వడిగల నీరు కావాలి. వడి రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంత వడి ఇరుకైన కాలువలలో, రెండు దీవుల నడుమ, అఖాతాల గొంతులో ఉంటుంది. చేపల గుంపులు వచ్చిపోయే దారి కూడా అదే. ఆ చేపల కోసం పక్షులు, సీళ్ళు చేరేదీ అక్కడికే. మనకు పనికివచ్చే చోటు వాటికీ పనికివచ్చే చోటే. ఖాళీ చోటంటూ సముద్రంలో లేదు, మన కంటికి ఖాళీగా కనబడుతుంది గాని.

మరి మానుకోవడమే ధర్మమా? అలా అనడం కూడా సులభమే, కాని నిజాయితీ కాదు. బొగ్గు కాల్చితే వేడెక్కేది అదే సముద్రం. 2023లో అదే ఫండీ ప్రాంతంలో ఒక సంస్థ తేలియాడే టర్బైన్ల ప్రయత్నాన్ని విరమించుకుంది. చేపలకు హాని లేదని ముందే నిరూపించమన్నారు. నీటిలో దింపి చూడనిదే నిరూపించేదెలాగని వారి బాధ. రెండు పక్షాలలోనూ న్యాయముంది. ఈ ముడి ఎలా విప్పాలి?

ఉత్తర ఐర్లండులో స్ట్రాంగ్‌ఫర్డ్ అనే సముద్రపు పాయ ఉంది. రక్షిత ప్రాంతం, సీళ్ళకు నెలవు. 2008లో దాని ఇరుకు ముఖద్వారంలో 1.2 మెగావాట్ల యంత్రాన్ని దింపారు. ఒక్కటే. షరతు ఏమిటంటే, సీలు దగ్గరకు వస్తే రెక్కలు ఆపివేయాలి. మొదట్లో ఒక మనిషి ఆ స్తంభం మీదే కూర్చుని నీటిని కనిపెట్టి చూసేవాడు. తరువాత ఆ పని సోనార్ యంత్రానికి అప్పగించారు. ఆపిన ప్రతిసారీ కరెంటు నష్టమే, అయినా ఆపారు. ఏళ్ళ తరబడి పరిశీలించగా పెద్ద హాని కనబడలేదు. సీళ్ళు ఆ దారిని విడిచిపెట్టలేదు, యంత్రానికి కాస్త ఎడంగా తప్పుకుని పోయేవి. పని ముగిశాక 2019 నాటికి ఆ స్తంభాన్ని కూడా పెకలించి తీసివేశారు. నాకు ఇందులో నచ్చినది ఆ యంత్రం కాదు. ఆపడానికి, తీసివేయడానికి ముందే ఒప్పుకుని దిగారు చూడండి, అది.

దక్షిణ కొరియాలోని సిహ్వా కథ వేరు. మంచినీటి చెరువు చేద్దామని 1994లో సముద్రానికి కట్ట వేశారు. ఫ్యాక్టరీల మురికి చేరి ఆ నీరు కుళ్ళింది. ఆ కట్టలోనే టర్బైన్లు పెట్టి, 2011 నుండి 254 మెగావాట్లు తీస్తూ, సముద్రపు నీటిని మళ్ళీ లోపలికి రానిస్తున్నారు. నీరు బాగుపడింది. పాడైన చోటునే వెతుక్కుంటే కరెంటే వైద్యమైంది! అన్నిచోట్లా ఇలా కుదరదు, నిజమే. కాని వెతకడం అక్కడ మొదలుపెట్టవచ్చు కదా.

మన ఆంధ్ర తీరంలో పోటు చిన్నది. విశాఖ దగ్గర పెద్ద పోటుకు కూడా నీరు రెండు మీటర్లు లేవదు. కనుక ఇది మన గొడవ కాదనుకోకండి. మన దేశంలో పెద్ద పోట్లు గుజరాత్‌లో ఉన్నాయి. ఖంభాత్‌లో 11 మీటర్లు, కచ్‌లో 8. కచ్ అఖాతంలోనే పగడపు దిబ్బలు, మడ అడవులు ఉన్న సముద్ర జాతీయ ఉద్యానం 1982 నుండి ఉంది. అక్కడ 50 మెగావాట్లకు 2011లో ప్రకటన వచ్చింది, కట్టడం జరగలేదు. సుందరవనాలలో తలపెట్టిన చిన్న పథకాన్నీ ఖర్చు చూసి మానుకున్నారు. రేపు మళ్ళీ తలపెడితే? 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అక్కడి కరెంటు మన దీపానికీ రావచ్చు.

2015లో ఫ్రాన్సిస్ పోపుగారు ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో, ఇలాంటి పనుల ప్రభావాన్ని లెక్కించేటప్పుడు నేల, నీరు, గాలి చూస్తారు గాని జీవజాతుల సంగతి జాగ్రత్తగా చూడరని రాశారు. ఆ చోట బ్రతికే ప్రజలకు చర్చలో ప్రత్యేక స్థానం ఉండాలనీ అన్నారు. మన ఊళ్ళలో చెత్త ఎక్కడ పోయాలన్న మాట వచ్చినప్పుడు ఏ పేట పక్కన పోస్తారో మీకు తెలుసు. అడగనక్కరలేని వారి పక్కన. చేపను అడగలేం. ఆ చేప ఏ నెలలో ఏ కాలువ గుండా పోతుందో తెలిసిన వేటగాడిని అడగవచ్చు. పటం మీద గుర్తు పెట్టకముందే అడగాలి. పెట్టిన తరువాత పిలిచే సభలో అతడు సంతకం చేయడానికే తప్ప మరెందుకూ ఉండడు.