మూతలోని తడి

కఠోపనిషత్తు శరీరాన్ని రథమంది, బుద్ధిని సారథి అంది, ఇంద్రియాలను గుర్రాలంది, మనసును పగ్గమంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాల మధ్య ఇవాళ తిరుగుతున్న ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఆ పగ్గం స్థానం కంట్రోలర్‌ది. యాక్సిలరేటర్ తిప్పితే చేతి కింద నుంచి వెళ్ళేది ఒకటి నుంచి నాలుగు వోల్టుల దాకా ఉండే సన్నని సంకేతం. దాన్ని చదువుకుని, బ్యాటరీలోని పదుల ఆంపియర్ల కరెంటును మూడు లావు వైర్ల గుండా చక్రంలోని మోటారుకు వంతులవారీగా అందించేది సీటు కిందో, కాళ్ళు పెట్టుకునే పలక కిందో ఉండే ఆ అల్యూమినియం డబ్బా. దాన్ని వాన నుంచి ఎలా కాపాడాలన్న ప్రశ్నకూ, మనసును విషయాల నుంచి ఎలా కాపాడాలన్న పాత ప్రశ్నకూ మొదట తోచే జవాబు ఒకటే: సందు లేకుండా మూసెయ్యి. రెండు చోట్లా ఆ జవాబు మనల్ని దారి తప్పిస్తుందని నేను నమ్ముతున్నాను.

ముందు డబ్బా సంగతి చూద్దాం. మే నెలలో రెంటచింతల వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో బరువు మోసిన బండి కంట్రోలర్ లోపలి గాలి 70 డిగ్రీలకు చేరిందనుకోండి. వేడెక్కిన గాలి వ్యాకోచించి, వైర్లు దూరే చోట కంటికి కనబడని సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది. సాయంత్రం గాలివాన వచ్చి డబ్బా ఒక్కసారిగా 27 డిగ్రీలకు చల్లబడితే లోపల మిగిలిన గాలి పీడనం దాదాపు ఎనిమిదో వంతు పడిపోతుంది. అంటే మీటరు పైచిలుకు లోతు నీళ్ళు బయటి నుంచి నెట్టినంత బలంతో ఆ డబ్బా తడిని లోపలికి పీలుస్తుంది. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ67 అన్న ముద్ర కోసం చేసే నీటి పరీక్ష కూడా మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచడమే. రబ్బరు వాషర్ తట్టుకున్నా, తెగిన వైరు కొసలో రాగి పోగుల మధ్య నుంచి నీరు దీపం వత్తిలో నూనెలా పాకుతుంది. లోపలికి వచ్చిన చుక్క మాత్రం బయటికి పోలేదు. పగలు ఆవిరవుతుంది, రాత్రి మళ్ళీ సర్క్యూట్ బోర్డు మీదే వాలుతుంది, రాగికి పచ్చచిలుము పట్టిస్తుంది. ప్లాస్టిక్ సంచి చుట్టి గట్టిగా టేపు వేసిన కంట్రోలర్‌కు తడితో పాటు ఉక్క కూడా తోడవుతుంది. ఆరేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వేసే రకం సిలికాన్ పూస్తే ఇంకో ఆపద: దానిలోంచి వెలువడే ఆమ్లమే రాగిని తినేస్తుంది. తపస్సు చేసేవాడికి ఆ తపస్సు మీదే పుట్టే గర్వం లాంటిది అది.

ఈ నేల మీద మిర్చి పండించేవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. కల్లంలో కాయ ఆరకముందే టిక్కీ కట్టి కుట్టేస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు: పైకి గోతం పొడిగానే ఉంటుంది, లోపల బూజు పడుతుంది, రంగు దిగుతుంది, యార్డులో ధర పడిపోతుంది. పత్తి కొనే సీసీఐ కూడా ముందు తేమే చూస్తుంది. 8 శాతం దాటితే ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను లాంటిది వచ్చినప్పుడు పట్టా కప్పక తప్పదు. కానీ మామూలు రోజుల్లో రైతు చేసే పని చూడండి. రాత్రి మంచుకు కాయను కుప్ప చేసి పట్టా కప్పుతాడు, పొద్దెక్కగానే పట్టా తీసి మళ్ళీ పరుస్తాడు. భగవద్గీత రెండో అధ్యాయంలోని తాబేలు ఉపమానాన్ని నేను ఇలాగే చదువుతాను. అది అవయవాలను లోపలికి ముడుచుకుంటుంది నిజమే, అయితే ఆ డిప్పకు అవి మళ్ళీ బయటికి వచ్చే దారులున్నాయి. మూడో అధ్యాయం ఇంకా సూటిగా చెబుతుంది: కర్మేంద్రియాలను బిగబట్టి, మనసులో విషయాలను తలచుకుంటూ కూర్చునేవాడిని మిథ్యాచారుడు అంటుంది. తడి లోపల ఉండగా మూత బిగించినవాడు అతడే.

వైరింగ్ దగ్గరికి వస్తే మూసివేత వాదం మరింత బలహీనపడుతుంది. మోటారు నుంచి కంట్రోలర్‌కు మూడు లావు వైర్లతో పాటు అయిదు సన్నవి కూడా వస్తాయి. వాటిలో రెండు హాల్ సెన్సార్లకు కరెంటు ఇవ్వడానికి, మూడు చక్రం ఎక్కడ ఉందో కబురు తేవడానికి. పగ్గం సారథి మాటను గుర్రాలకు మోయడమే కాక, గుర్రాల కదలికను సారథి చేతికి తెలియజేస్తుంది కూడా. తడి ఈ దారిలోనే వస్తోందని ఆ అయిదింటినీ కత్తిరిస్తే ఆ సెన్సార్ల మీదే నడిచే బండి వణికి ఆగిపోతుంది. సెన్సార్లు అక్కరలేని కంట్రోలర్లూ ఉన్నాయి గానీ, అవి చక్రం తిరగడం వల్ల పుట్టే వోల్టేజీని చదువుకుంటాయి. చక్రం నిలబడి ఉంటే వాటికి చదవడానికి ఏమీ ఉండదు. ఇంద్రియాలు తెచ్చే కబురు లేని మనసు స్వచ్ఛం కాదు, గుడ్డిది. అందుకే తెలిసిన మెకానిక్ వైర్లను తీసేయడు. డబ్బాను వైర్లు దూరే వైపు కిందికి ఉండేలా బిగిస్తాడు, ఆ వైర్లను కొంచెం కిందికి వేలాడేలా వంచి మళ్ళీ పైకి తెస్తాడు; వాటి వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కప్లర్‌లో గ్రీజు పెడతాడు, వైరు కొసన ఉండే లగ్గును గట్టిగా నొక్కుతాడు. ఆ లగ్గు దగ్గర 10 మిల్లీఓముల నిరోధం మిగిలినా చాలు, 40 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ 16 వాట్ల వేడి పుట్టి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం కట్టిన బౌద్ధులు కూడా ఇంద్రియాలను ద్వారాలన్నారు, వాటికి కాపలా ఉండాలన్నారు. కాపలావాడిని పెట్టేది మనుషులు వచ్చిపోయే వాకిలికే గదా.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. డబ్బా నిండా రెజిన్ పోసి గడ్డకట్టిస్తే కంట్రోలర్ నిజంగానే నీటికి అందదు. అన్నీ వదిలిన సన్యాసి కూడా అలాంటివాడే కదా, పూర్తి మూసివేత సాధ్యమేనని ఆయనే రుజువు కదా అని అడగవచ్చు. ఒప్పుకుంటాను. అయితే రెజిన్ ఎందుకు పనిచేస్తుందో చూడాలి. అక్కడ మూత గట్టిదై కాదు, లోపల పీల్చుకోవడానికి గాలి లేక. వేడికి వ్యాకోచించి చలికి ముడుచుకునే ఖాళీ లేనివాడికి మూసుకోవడమూ తెరుచుకోవడమూ ఒకటే. పిల్లల చదువులు, పంట అప్పులు, ఆశలు, అలకలు నిండిన గృహస్థు గుండె అలాంటిది కాదు. ఆ సన్యాసి వైరాగ్యాన్ని పైపూతగా ఈ గృహస్థు మీద పూస్తే అతడు ఉక్కిరిబిక్కిరవుతాడు. పైగా రెజిన్ పోశాక లోపల ఒక చిన్న భాగం పాడైనా బాగుచేయడానికి వీలుండదు. ఆ దారి పట్టేముందు లోపలిదంతా సరిగ్గా ఉందని తేలాలి. అందరికీ సన్యాసం తగదన్న పెద్దల మాటకు నాకు కనబడే కారణం ఇదే.

కొంచెం తెరిచి ఉంచమంటే భోగానికి తలుపులు బార్లా తీయడమేనని ఇంకొందరు భయపడతారు. మంచి డబ్బాల్లో పెట్టే గాలిరంధ్రం ఎలా ఉంటుందో చూస్తే ఆ భయం తగ్గుతుంది. దానికి ఒక సన్నని పొర ఉంటుంది; అది గాలిని, ఆవిరిని పోనిస్తుంది, నీటి చుక్కను ఆపుతుంది. లోపలా బయటా పీడనం సమానమవుతుంది కాబట్టి వాషర్ల మీద పీల్పు ఉండదు. గీత ఆరో అధ్యాయం యోగికి చెప్పిన మితాహారం, మితనిద్ర అలాంటి పొరలే. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం లేదంటుంది అది. పూర్తిగా తిననివాడిలో ఆకలి పీల్పుగా మారి, దొరికిన సందులోంచి దేన్నయినా లాక్కుంటుంది.

విజయదశమికి బండ్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ పూట చాలామంది ప్రెషర్ పైపుతో కంట్రోలర్ ఉన్న చోటే నీళ్ళు కొడతారు. ఐపీ67 పరీక్షలో మునక ఉంది గానీ, ధారగా కొట్టే నీటి మాట లేదు. దానికి వేరే అంకె. నల్లరేగడి బురద ఆ డబ్బా రెక్కల మధ్య ఎండి అట్టకట్టి, దాని మీద పత్తి నూగు అంటుకుంటే వేడి బయటికి పోదు కాబట్టి శుభ్రం చేయడం అవసరమే. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, సీటు ఎత్తి ఒక పూట నీడన ఆరనిచ్చి, ఆ తరువాత బొట్టు పెట్టవచ్చు.