మావి, మనవి

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ఇంగ్లీషు వాళ్ళకి ఈ బాధ లేదు, రెంటికీ ఒకటే మాట. చిన్నప్పుడు వ్యాకరణంగా చదువుకున్న ఈ తేడా, లండన్‌లో ఒకే రోజు రెండు చోట్ల నన్ను ఇబ్బంది పెట్టింది.

నేను వెళ్ళింది ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం. ఆ పిచ్చి ఇంటర్ అయిపోయిన సెలవుల్లో పట్టుకుంది. 2006 మే 17 రాత్రి, మనకి పన్నెండుంపావు, గుంటూరులో అందరూ పడుకున్నాక టీవీ సౌండ్ తగ్గించి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చూశాను. 18వ నిమిషంలోనే ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమన్‌కి రెడ్ కార్డ్. మిగిలిన పదిమందే ముందు గోల్ కొట్టి, 76వ నిమిషం దాకా బార్సిలోనాని ఆపి, చివరికి 2-1తో ఓడిపోయారు. పొద్దున్నే నా మొహం చూసి నాన్న ఏమైందిరా అన్నాడు. “ఓడిపోయాం” అన్నాను. “ఎవరం?” అన్నాడు.

ఆ ప్రశ్నకి ఇప్పటికీ సరైన జవాబు లేదు. కానీ కిందటేడు టికెట్‌కీ వీసాకీ విమానానికీ పోసిన డబ్బు, ఇంట్లో లెక్క చెప్పలేనంత డబ్బు, ఆ ‘ఎవరం’లో నేనూ ఉన్నానని రుజువు చేసుకోడానికే పోశాననుకుంటా.

మ్యాచ్ సాయంత్రం. పొద్దుట ఖాళీ. హోటల్ రస్సెల్ స్క్వేర్ దగ్గర, అక్కణ్ణుంచి బ్రిటిష్ మ్యూజియం నడిచే దూరం. ఎర్ర జెర్సీ వేసుకునే వెళ్ళాను. 33ఎ నంబరు గది, అద్దాల గోడల వెనక. లోపల అమరావతి.

గుంటూరు నుంచి అమరావతి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. స్కూల్ పిక్నిక్‌కి వెళ్ళాం. అమరేశ్వరస్వామి గుడి, కృష్ణ ఒడ్డు, పులిహోర గుర్తున్నాయి. స్తూపం గుర్తులేదు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర కోసం ప్రపంచం నలుమూలల నుంచి జనం అక్కడికొచ్చారు. నేను రెసిడెన్షియల్ కాలేజీలో ఫిజిక్స్ బిట్లు చేసుకుంటున్నాను. అలాంటివాణ్ణి లండన్‌లో ఆ రాళ్ళ ముందు గంటన్నర నిలబడ్డాను. ఒక పలకకి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కే జనం. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఎవరో అదే రాయిని తిప్పి, రెండోవైపు స్తూపాన్నే చెక్కారు. మన దగ్గర దిబ్బగా మిగిలిన మహాచైత్యం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అక్కడ చూశాను. ఆ రాయి పల్నాటి సున్నపురాయి. గుంటూరులో మా పాత ఇంట్లో నేలకి పరిచిన మాచర్ల రాళ్ళూ ఆ జాతివే.

“ఇవి మావి” అని ముందు కోపం వచ్చింది. మా అంటే, మీవి కావు అని. అయితే కథ తెలిసినవాడికి ఆ కోపం ఎక్కువసేపు నిలవదు. ఆ దిబ్బని ముందు తవ్వించింది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, కొత్త ఊరు కట్టుకోడానికి రాళ్ళు కావాలని. కొన్ని రాళ్ళని కాల్చి సున్నం చేసుకున్నారు. కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు కాబట్టి పోయినవాటి రూపమైనా మిగిలింది. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపిన రాళ్ళు 1859లో లండన్ చేరాయి, 1880లో ఈ మ్యూజియానికి. (చాలావరకు చెన్నై ఎగ్మూర్‌లోనూ ఉన్నాయి. చెన్నై మీద మనకి ఇంత కోపం రాదెందుకో.)

సాయంత్రం పికడిలీ లైన్ ఎక్కాను. రస్సెల్ స్క్వేర్ నుంచి నాలుగో స్టేషనే ఆర్సెనల్. స్టేడియంలో మనవాళ్ళు గోల్ కొట్టగానే పక్కసీటు పెద్దాయన నన్ను వాటేసుకున్నాడు. ఎక్కణ్ణుంచొచ్చావని అడగలేదు. నిజానికి ఆ క్లబ్బూ ఆ పేటది కాదు. 1886లో ఊరికి అటు చివర వులిచ్‌లో, ఆయుధాల ఫ్యాక్టరీ పనివాళ్ళు పెట్టుకున్నది. 1913లో నదికి ఇవతలికి మారింది. ఆ ఫ్యాక్టరీ గుర్తే ఇప్పటికీ జెర్సీ మీది ఫిరంగి. పొద్దుట అమరావతి రాళ్ళ ముందు నేను రొమ్ము మీద పెట్టుకు నిలబడింది సామ్రాజ్యపు ఫిరంగినని అప్పుడు తట్టింది.

ఇక్కణ్ణుంచి నా ఆలోచన చిక్కుపడింది. పుట్టుకతో కాదు, ఏళ్ళ తరబడి పట్టించుకోడం వల్ల ఒకటి మనదవుతుందంటేనే నేను ఆర్సెనల్‌వాణ్ణి. ఆ లెక్కన పుట్టిన ఊళ్ళో సున్నమైపోయే రాళ్ళని పట్టించుకున్నవాడివే అవి. కాదు, పుట్టిన చోటే హక్కంటారా, అయితే ఆ స్టేడియంలో నాకేం పని?

పర్చూరు దగ్గర మాకు రెండున్నర ఎకరాల నల్లరేగడి ఉంది. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిర్చి. పదిహేనేళ్ళుగా కౌలుకి చేసే ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. ఏ మూల నీరు నిలుస్తుందో, ఎక్కడ తెగులు ముందొస్తుందో ఆయనకి తెలుసు. నాకు సర్వే నంబరు తెలుసు. పన్నెండేళ్ళు దాటితే పొలం కౌలుదారుడిదైపోతుందన్న భయంతో మా నాన్న ఒక్క కాగితం మీదా ఆయన పేరు పడనివ్వడు. కౌలు కడుతున్నవాడికి చట్టప్రకారం అలా రాదని చెప్పినా వినడు. పట్టించుకున్నవాడిదే అంటే మా పొలం బాబాయ్‌ది. లండన్‌లో ఒక న్యాయం, పర్చూరులో ఒక న్యాయం చెప్పలేను కదా.

తేడా ఒకటి కనిపిస్తోంది. బాబాయ్ కౌలు కడతాడు. మ్యూజియం ఎవరికీ కట్టదు. నేను ఆర్సెనల్‌ని ప్రేమించడం వల్ల ఆ పేటలో ఏ పిల్లాడికీ ఆర్సెనల్ లేకుండా పోలేదు. ఆ గది నిండటం వల్ల అమరావతిలో చోటు ఖాళీ అయింది. ఇవి ప్రపంచంలో అందరివీ, ప్రవేశం ఉచితం అంటారు. ‘మనవి’ అనడమే అది, మంచి మాటే. కానీ ఆ మనలో చేరడానికి నేను ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాల్సొచ్చింది. మా అమ్మమ్మని ఆ మాట కలుపుకోదు. మనం అనే హక్కు తలుపు తాళం చేతిలో ఉన్నవాడికే ఉంటే అది మేమే, వినడానికి మర్యాదగా ఉంటుందంతే.

ఇది రాస్తూ మా తాళం గుర్తొచ్చింది. కౌలు రైతుకి కార్డు కావాలంటే, 2019 చట్టం ప్రకారం భూమి యజమాని పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. కార్డుంటే బ్యాంకులో పంట రుణం అడగొచ్చు, నష్టపరిహారం ఆయన పేరునే వస్తుంది. బాబాయ్ రెండుసార్లు అడిగాడు. లండన్ నుంచి వచ్చిన వారానికి మూడోసారి ఇంటికొచ్చాడు. నేను ఎర్ర జెర్సీలోనే ఉన్నాను. “ఆటకోసం అంత దూరం పోయొచ్చావంటగా అబ్బాయ్, మనోళ్ళు గెలిచారా?” అన్నాడు. గెలిచాం అన్నాను. నాన్న చూద్దాంలే అని పంపించేశాడు. నేనూ గట్టిగా ఏమీ అనలేదు.