కుండీలోని తులసి

ద్వారకా తిరుమలలో స్వయంవ్యక్తుడైన స్వామికి అభిషేకము లేదు. ద్వారకాముని తపస్సునకు మెచ్చి వల్మీకమునుండి వెలసిన ఆ మూర్తి నడుము పైభాగము మాత్రమే దర్శనమిచ్చుననియు, పాదసేవకై వెనుక నిండు విగ్రహమును భగవద్రామానుజులు ప్రతిష్ఠించిరనియు ప్రతీతి. స్వామిపై ఒక్క నీటిబొట్టు పడినను అడుగున పుట్టలోని ఎర్రచీమలు చెదరి పైకి వచ్చునని పెద్దలు చెప్పుదురు. అర్చనలో సైతము చీమల నివాసమునకు చోటు విడిచిన క్షేత్రమిది.

ఈ స్వామిని సేవించి ఏలూరునకో, తాడేపల్లిగూడెమునకో మరలు గృహస్థులలో నేడు పెరడు గలవారు తక్కువ. మేడమీది వసారాలో నాలుగు కుండీలుండును. ఒకదానిలో తులసి, తక్కిన వానిలో మరువము, దవనము. ఉదయమే తులసికి నీరు పోసి, ప్రదక్షిణము చేసి, మరుక్షణముననే దళములు గిల్లుదురు. ఇది భక్తియా, హింసయా?

మొక్కయు స్వామిదే, ఆకును స్వామిదే, ఇందు హింస ఏమని కొందరందురు. పెరటి తులసికి ఆ మాట కొంత చెల్లును. నేలలోని మొక్క వేరును లోతునకు పంపి చెమ్మను తానే వెదకికొనును. గృహస్థు మరచినను భూమి మరువదు. కుండీలోని మొక్కకు భూమి జానెడే. దానిని ఆ జానెడులో నిలిపినవాడు గృహస్థుడు. జీవుడు ఈశ్వరునకు పరతంత్రుడని నిత్యము అనుసంధించు వైష్ణవునకు, తనకు పరతంత్రమైన ప్రాణియెడల తన బాధ్యత యేమో విడమరచి చెప్పనక్కరలేదు.

కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేటి సీమలో చిక్కు వేరొకటి. వానకాలమున నీరు నిలిచిన నేలలో తులసివేరు కుళ్లును. ఎత్తుగా కోట కట్టి నిలిపిన మొక్కకు ఆ బాధ తక్కువ. అడుగున రంధ్రము లేని కుండీ చిన్న కొల్లేరే. రంధ్రముపై పెంకుముక్క బోర్లించి, ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, ఎండ తగులుచోట నుంచి, పైమట్టి ఆరిన పిదపనే నీరు పోయవలెను. దవనము మరింత సుకుమారము. భక్తి పేరిట పూటపూటకును చెంబెడు పోసి చంపినవారు, నీరు పోయక చంపినవారికంటె మేలైనవారేమియు కారు.

గిల్లుట యంతయు హింస కాదు. కొసలు తుంచినకొలది ప్రక్కకొమ్మలు వచ్చును. వెన్నులు గింజ పట్టనిచ్చినచో ఆకు తగ్గి మొక్క త్వరగా ముదురును. కనుక మంజరులను కోసి సమర్పించుట మొక్కకును హితమే. కాని అష్టోత్తరమునకు నూటయెనిమిది దళములు కావలెనని ఉన్న ఒక్క కుండీని మోడు చేయుట యెట్టి అర్చన?

ద్వాదశినాడును, రాత్రివేళయు తులసిని కోయరాదని ఒక నియమము. కోసిన దళమునకు నిలువదోషము లేదు, ఎండినను సమర్పింపవచ్చునని మరియొక నియమము. రెండును కలిపి చూచినచో పెద్దల మనసు తెలియును: పూజ ఆగదు, మొక్కయు అలసిపోదు. అదియు లేనినాడు నీరున్నది. గీతలో తొమ్మిదవ అధ్యాయమున 26వ శ్లోకములో భగవానుడు తాను స్వీకరించువానిని చెప్పుచు ఆకుతోపాటు నీటిని గూడ పేర్కొనినాడు.

స్వామికి బ్రహ్మోత్సవములు ఏటా రెండుమార్లు, వైశాఖమునను ఆశ్వయుజమునను జరుగును. వైశాఖమున వడగాలి. ఆ ఉత్సవమునకు బయలుదేరుచు, పొరుగింటివారికి తాళపుచెవితోపాటు కుండీలకు నీరు పోయు పనిని అప్పగించు ఇల్లాండ్రు కలరు. బస్సు తప్పునని ఇంటాయన తొందరపెట్టుచున్నను, ఏ కుండీకి ఎంత పోయవలెనో చూపిన తరువాతనే వారు మెట్లు దిగుదురు.