కెప్టెన్ పడుకున్నప్పుడు తప్పెవరిది?

పోయిన వీడియోలో గీత 18వ అధ్యాయంలోని ఐదు కారణాల గురించి చెప్పుకున్నాం కదా. ఏ పని జరిగినా దాని వెనక అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం ఉంటాయని, నేనొక్కడినే చేశాననుకునేవాడికి అసలు విషయం కనపడటం లేదని కృష్ణుడు చెప్తాడు. ఆ స్క్రిప్ట్ రాసింది నేనే. రాస్తుంటే మనసుకి చాలా హాయిగా అనిపించింది. ఎందుకంత హాయిగా ఉందో చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

అంతకు కొన్ని వారాల ముందు మా టీమ్‌లో ఒక రిలీజ్ రాత్రిపూట ఫెయిలయింది. బటన్ నొక్కింది రెండేళ్ల అనుభవం ఉన్న జూనియర్. పొద్దున తొమ్మిది నుంచీ పనిలోనే ఉన్నాడు. లీడ్‌ని నేను. పదకొండింటికి "నువ్వు చూసుకో" అని పడుకున్నాను. మర్నాడు మీటింగ్‌లో "ఆ టైమ్‌కి నేను నిద్రలో ఉన్నా" అన్నాను. అది నిజమే. ఆ ఒక్క నిజంతో తప్పంతా వాడి మీదకి వెళ్లిపోయింది. నేను ఆపలేదు.

సంక్రాంతికి వైజాగ్ వెళ్లినప్పుడు మా బావగారికి ఇదంతా చెప్పాను. ఆయన సరుకు ఓడల మీద కెప్టెన్. విని, "మా దగ్గర ఆ మాట చెల్లదురా" అన్నారు.

చిన్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి ఓడలు లోపలికి వస్తుంటే చూసేవాళ్లం. కెప్టెన్ అంటే తెల్ల యూనిఫామ్, బైనాక్యులర్స్, హుందాగా నిలబడటం అనుకునేవాణ్ణి. నిలబడటం మాత్రం నిజమేనట. పోర్టులోకి వచ్చేటప్పుడు దారి చూపించడానికి పైలట్ ఎక్కుతాడు, అయినా ఓడ బాధ్యత కెప్టెన్‌దే. కాబట్టి తాళ్లు కట్టేదాకా బ్రిడ్జ్ మీద నిలబడాల్సిందే. తర్వాత అధికారులు, కాగితాలు, సరుకు లెక్కలు. పొగమంచు పట్టినా, తుఫాను వచ్చినా మళ్లీ పైకి. అలాంటి రాత్రుల్లో బట్టలు కూడా మార్చుకోకుండా సోఫాలోనే ఒరుగుతానన్నారు. యాభై దాటిన మనిషి ఈ మాట నవ్వుతూ చెప్పారు.

నేను ఊరుకోలేదు. "మరి మనిషన్నాక నిద్రపోడా బావగారూ? పడుకున్నప్పుడు జరిగినదానికి కూడా మీదే బాధ్యత అంటే అది న్యాయమేనా?"

"పడుకోమని రూలే చెప్తుంది" అన్నారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం కెప్టెన్‌తో సహా ప్రతి ఒక్కరికీ 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకి మించి చెయ్యకూడదు, అందులో ఒకటైనా 6 గంటలు ఉండాలి. అంటే కెప్టెన్ ఎప్పుడూ మేలుకుని ఉండాలని ఎవరూ అనటం లేదు.

మరి ఏమంటున్నారు? ఆయన ఎక్సాన్ వాల్డీజ్ సంగతి చెప్పారు. 1989 మార్చి 24, అలాస్కా. మంచు గడ్డల్ని తప్పించడానికి చమురు ఓడ మామూలు దారి వదిలింది. కెప్టెన్ జోసెఫ్ హేజిల్‌వుడ్ ఎక్కడ మలుపు తిప్పాలో థర్డ్ మేట్‌కి చెప్పి కిందికి, తన గదికి వెళ్లాడు. సుమారు పది నిమిషాలకి, అర్ధరాత్రి దాటగానే, ఓడ బ్లై రీఫ్‌కి కొట్టుకుంది. 4 కోట్ల లీటర్లకి పైగా చమురు సముద్రం పాలైంది. మద్యం మత్తులో ఓడ నడిపాడన్న నేరం మీద జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. నిర్లక్ష్యంగా చమురు ఒలకడానికి కారణమైనందుకు మాత్రం దోషి అంది. దర్యాప్తు చేసినవాళ్లు థర్డ్ మేట్ అలసటని, పని ఒత్తిడిని కూడా కారణాల్లో రాశారు. కంపెనీని కూడా వదల్లేదు.

నాకు వెంటనే మన ఐదు కారణాలు గుర్తొచ్చాయి. ఓడ అధిష్ఠానం. చుక్కాని, రాడార్ కరణాలు. తిప్పిన తిప్పు చేష్ట. మంచు గడ్డలు దైవం అనుకుందాం. ఆ క్షణంలో కర్త థర్డ్ మేట్. (పండితులు క్షమించాలి, ఇంజనీర్ బుర్ర కదా, డయాగ్రామ్ గీసేస్తుంది.) ఈ బొమ్మలో కెప్టెన్ ఎక్కడా లేడు! కానీ అలసిన మనిషిని అక్కడ నిలబెట్టి వెళ్లిందెవరు? ఆ రాత్రి ఆ ఐదూ అలా కలవటంలో ఆయన చెయ్యి లేదా?

నేను పొరబడింది ఇక్కడే అనిపిస్తోంది. 'నేనే చేశాను' అనే గర్వం తగ్గటానికి చెప్పిన మాటని 'నేను చెయ్యలేదు' అని తప్పించుకోవటానికి వాడుకున్నాను. రిలీజ్ సక్సెస్ అయిన రోజు మెయిల్‌లో ఐదు కారణాలు రాశానా? లేదు, నా పేరే పైన పెట్టుకున్నాను.

బావగారు ప్రతి రాత్రి పడుకునే ముందు నైట్ ఆర్డర్స్ బుక్‌లో సూచనలు రాస్తారు. డ్యూటీలో ఉండే ఆఫీసర్లు చదివి సంతకం పెడతారు. ఏమాత్రం అనుమానం వచ్చినా నన్ను పిలవండి అన్న మాట అందులో తప్పకుండా ఉంటుందట. "రాస్తే సరిపోదు. పిలిచినప్పుడు విసుక్కున్నావంటే రెండోసారి పిలవరు" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆర్నెల్ల క్రితం వాడు రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేస్తే "ఇంత చిన్నదానికా?" అన్నాను.

హైదరాబాద్ వచ్చాక మీటింగ్‌లో అందరి ముందూ చెప్పాను, అలసిపోయాడని తెలిసీ వాణ్ణి ఒంటరిగా వదిలేసింది నేనేనని. వాడు "పర్లేదన్నా" అన్నాడు, మరీ తొందరగా. వాడికి వచ్చిన మాట వెనక్కి పోయిందో లేదో తెలీదు.

పోయిన గురువారం మళ్లీ రిలీజ్. వాణ్ణి మధ్యాహ్నం ఇంటికి పంపి, రాత్రి రమ్మన్నాను. 2:40కి ఫోన్ మోగింది. చూస్తే సమస్యేమీ లేదు, ఒక వార్నింగ్ అంతే. చిరాకు రాలేదంటే అబద్ధం. "మంచిపని చేశావు, లైన్‌లోనే ఉంటా, కానివ్వు" అన్నాను.