స్వంతము కాని ఆనందము

ఒక వస్తువును చూచి ఆనందింపవలెనన్న అది తనదై తీరవలెనా? ఇది పాత ప్రశ్నయే. బీరువాలోని నగ, గోడనున్న పటము, పెట్టెలోని పట్టుచీర తమవి గనుకనే సంతోషము కలుగుచున్నదని లోకులు తలంతురు. అయితే కొని ఇంటికి గొనిపోవుటకు తరచుగా వీలుపడని కళ యొకటి ఈ కాలమున వ్యాపించినది. దానిని ఇన్‌స్టలేషన్ అందురు. ప్రేక్షకుడు పటము నెదుట నిలిచి చూచుట గాక, కళాకృతి లోపలికే ప్రవేశించి, అందు నడచి, దాని వెలుగును, రంగును, స్పర్శను అనుభవించుట దీని పద్ధతి.

ఇందులకు మంచి దృష్టాంతము ఇటలీ దేశమున కలదు. అచట ఇసేయో అను సరస్సు నడుమ మోంటె ఇసోలా అను ద్వీపమున్నది. దానికి వంతెన లేదు; జనులు పడవలపైననే రాకపోకలు సాగింతురు. 2016 జూన్ 18 మొదలు జూలై 3 వరకు, 16 దినములు మాత్రము, ఒడ్డు నుండి ఆ ద్వీపమునకు నీటిపై తేలు బాట యొకటి వెలసెను. క్రిస్టో అను కళాకారుడు సుమారు 2,20,000 ప్లాస్టిక్ దిమ్మెలను ఒకదానికొకటి బిగించి, వానిపై పసుపుపచ్చని బట్ట పరపించెను. నీటిపై దాని పొడవు 3 కిలోమీటర్లు, వెడల్పు 16 మీటర్లు. అలలకు బాట కదలుచుండగా పలువురు చెప్పులు విడిచి నడచిరి. సుమారు 12 లక్షల మంది వచ్చిరి. టిక్కెట్టు లేదు. గడువు తీరగానే అంతయు విప్పివేసిరి. ఈ తలంపు 1970 నాటిది. క్రిస్టో, ఆయన భార్య జాన్-క్లోద్ కలిసి చేసినది. ఆమె 2009లో గతించెను. ఆ బాటపై నడచు భాగ్యము ఆమెకు లభింపలేదు.

లెక్క తెలిసినవాడు వెంటనే ప్రశ్నించును: ఇంత ధనము నీటిపాలు చేయుట న్యాయమా? లోకమున ఆకలిగొన్నవారు లేరా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయితే ముందుగా జమాఖర్చు చూడవలెను. క్రిస్టో ఇందులకు దాతల సొమ్ము గాని, సర్కారు సొమ్ము గాని స్వీకరింపలేదు. తాను గీచిన చిత్రములను విక్రయించి ఆ ధనమునే వ్యయపరచెను. ఆ చిత్రములను కొన్నవారు స్వంతము చేసికొనగోరిన ధనికులు. కొందరి ఆశ వలన వచ్చిన రూకలు, ఏమియు కొనని లక్షల మంది ఆనందమునకు వినియోగమయ్యెను. కావున స్వంతము చేసికొనువానిని వట్టి లోభి యని నిందించుటయు సరికాదు.

పెండ్లిపందిరి మూడునాళ్ల ముచ్చటయే. విప్పిన పిమ్మట మిగులునది గుంజల గుంతలు మాత్రమే. అయినను, వచ్చినవారందరు ఆదరణ పొంది, తృప్తిగా భుజించి వెళ్లిన యెడల ఎవరును దానిని దుబారా యనరు. అప్పు చేసి, ఇరుగుపొరుగుల కన్నులు కుట్టుటకై వేసిన పందిరియే దుబారా. కళకును ఇదియే గీటురాయి. సొమ్ము ఎవరిది? వాకిలి ఎవరికి తెరచియున్నది? పని ముగిసిన పిమ్మట ఆ చోటు మునుపటివలె నున్నదా? ఈ మూటికి సరియైన జవాబు దొరికినచో, 16 దినములలో మాయమైనంత మాత్రమున అది వ్యర్థము కాజాలదు. పేదల ఆకలి తీర్చు బాధ్యత మాత్రము అప్పటికిని అట్లే యుండును. ఒక ధర్మము మరియొక ధర్మమునకు బదులు కానేరదు.

ఇక ప్రేక్షకుని ధర్మము. ఇట్టి చోటులకు పోవువారిలో కొందరు అడుగిడినది మొదలు ఫోను ఎత్తి ఫొటోలు తీయుటలోనే కాలము గడపుదురు. ఇంటనున్న ముసలివారికి చూపుటకు ఒక్క ఫొటో తీసికొనుట తప్పుకాదు. అయితే పాదము క్రింద నీటి కదలికను ఎరుగక, ప్రక్కనున్న పసివాని నవ్వు వినక, నూరు ఫొటోలతో మరలినవాడు స్వంతము కానిదానిని స్వంతము చేసికొనబోయి, చేతికందిన ఆనందమును పోగొట్టుకొన్నవాడే. కొన్న వస్తువును రేపు చూడవచ్చును. ఇట్టిది నేడే చూడవలెను. కావున ఇట్టి కళ ఎదురైనపుడు కొంతసేపు చేతులు ఖాళీగా నుంచుకొని, తోడివారికి దారి ఇచ్చుచు, నెమ్మదిగా నడచుట మేలు.